కాలువ వెంబడి

మా నాయిన మొగిలయ్య
ఉర్దూ బడిల నాలుగు దాక చదివి
తెలుగును సీసంల నేర్చుకున్నడు.
ఫారంల బిగించిన అక్షరం
కుడి నుంచి ఎడమకు నడుస్తది గద,
"నాకేం కొత్త?" అనేటోడు.

మట్టెవాడల సగం మడిగె.
కాలితోటి తొక్కే మిషను, రెండు కేసులు, గ్యాసునూనె వాసన.
పెండ్లి పత్రికలు, పత్తి మందుల కరపత్రాలు,
ఆజంజాహి మిల్లు గేటు మీటింగు నోటీసులు,
దినాల కార్డులు.

ఒక వానకాలం
పరకాల నుంచి సుభద్ర టీచరు వచ్చింది.
లెక్కల నోటుబుక్కుల
వెనుక పేజీల నుంచి రాసుకొచ్చిన ఒక బతుకు.
ముప్పై రూపాయల బయానా.
"పోలండు మనిషి. తత్వవేత్త" అని మాత్రం చెప్పి
బస్సు పోతదని ఉరికింది.

ఆ మనిషి ఇంటిపేరు కూర్చెటందుకు
మా కేసుల ఒత్తు లేదు.
క కింద స అరిగి చుక్కయింది.
"రోజా అని ఒక్కటే పెడుత" అని టీచరుకు కార్డు రాసిండు.
జవాబు రాలె.
పెట్టిండు.

రాత్రుళ్లు స్టిక్కు మీదికెల్లి తల ఎత్తకుంట
నాకు చెప్పేటోడు.
చిన్నప్పుడే తుంటి నొప్పికి ఏడాది మంచం పట్టిందట,
లేచినంక కుంటుకుంటనే ఖండమంత తిరిగిందట.
గడ్డి బండిల దాక్కొని సరిహద్దు దాటిందట.
డాక్టరు చదివిందట. సూదిమందు డాక్టరు గాదు,
పైసకు పైస ఎట్ల పుడతదో, అది ఎవని చెమటో
లెక్క తీసే డాక్టరు.
తనోళ్లతోటి గూడ పంచాది పెట్టుకున్నదట.
"యూనియన్ల అట్లాంటోళ్లు ఒక్కలన్న ఉండాలె,
మా మిల్లుల లేకుండిరి" అని
ఒక కామా ఏరి పెట్టిండు.

యుద్ధం వద్దన్నందుకు జైలు.
జైల్ల గడ్డిపూలు తెంపి కాయితాల నడుమ ఒత్తి
కింద పేర్లు రాసుకున్నదట.
యుద్ధంల పట్టుకొచ్చిన దున్నను బండికి కట్టి
నెత్తురొచ్చేటట్టు కొడుతుంటె
చూసి ఏడ్చిందట.
అక్కడ నాయిన చెయ్యి ఆగింది.
ఎనుమాముల మార్కెటు తొవ్వల
మిర్చి బస్తాల కింద మోకాళ్ల మీద పడ్డ ఎడ్లను
మేమిద్దరం పొద్దున్నే చూసినం.
ఆ పేజీ ప్రూఫుల
మోరీ పక్కన మొలిచిన గడ్డిచామంతి ఒకటి పెట్టి మడిచిండు.
నూనె మరక ఇంక ఉన్నది.
పువ్వు లేదు.

ఆఖరు పేజీ నేను చదివిన.
తుపాకి మడిమెతోటి తల పగలగొట్టి, కాల్చి,
కాలువల పడేసిండ్రట.
నాలుగున్నర నెలలు నీళ్లల్ల.

జీపు వచ్చిననాడు
మిషను మీద హసన్‌పర్తి పెండ్లి పత్రిక ఉన్నది.
నోటుబుక్కు పొయ్యిలకు పోయింది.
ఆమె బతుకంత ముందు రాత్రే విప్పి
ఏ అచ్చు ఆ గూట్లె పోసినం,
నా గోర్లల్ల సీసం నలుపు.
చిత్తుబుట్టల ఒక్క ప్రూఫు ముక్క దొరికింది ఎస్సైకి.

"ఎవరీ రోజా?"
"పోలండు, సారు."
"పాలకుర్తి దిక్కా?"
నాయిన ఊకున్నడు.
"ఇప్పుడెక్కడున్నది?"
"చంపిండ్రు, సారు."
"ఎక్కడ?"
"కాలువల."

ఎస్సై మొకం మారింది.
తనకు తెల్వకుంట తన ఇలాకల ఎవరు చంపిండ్రని
వైర్‌లెస్సుల అరిచిండు.
ఇద్దరు కానిస్టేబుళ్లు పొడుగు కట్టెలు పట్టుకొని
కొత్తగ తవ్విన కాకతీయ కాలువ వెంబడి
పొద్దూకె దాక నడిచిండ్రు.

చీకటి పడ్డంక వాళ్లల్ల చిన్నోడు,
ఎర్రబెల్లి పిలగాడు, మడిగె కాడ ఆగి
బూట్ల బురద గీకుకుంట అడిగిండు:
"కాక, దొరకలె.
ఎంత వయసుంటది ఆమెకు?"

నలభై ఏడు అని
నాయినకు తెలుసు.
ఆ నాలుగును, ఆ ఏడును
పొద్దున్నే పెండ్లి తారీఖుకు వాడిండు.
గిలాసల నీళ్లు ముంచి
పిలగానికి ఇచ్చిండు.